లూపే చెప్పించిన మాటలు

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చుంటున్నారు. అంతలో గది తలుపు తీసుకుని తనియేలు బయటికొచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు, పళ్ళెం ముందుకి జరుపుకున్నాడు. లూపే చేతిలో చామదుంపల గిన్నె ఉంది. అది కింద పడలేదంటే, వృద్ధాశ్రమం వంటింట్లో పెద్ద పెద్ద గిన్నెలు మోసి మోసి ఆవిడ చేతులు రాటుదేలిపోయాయి కాబట్టి. కొడుకు ఆ బల్ల దగ్గరికొచ్చి ఎన్నాళ్ళయిందో. పిలిచి పిలిచి ఆవిడ గొంతు పోయింది. బతిమాలింది, తిట్టింది, తలుపుకివతల కూర్చుని ఏడ్చింది. దేనికీ పలకనివాడు ఇవాళ ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్నాడు.

"ఏంటన్నయ్యా, దారి తప్పావా?" అంది ఫియా. పదహారేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు.

"యాప్‌లో పెట్టారు," అన్నాడు తనియేలు. "ఇవాళ ఒక్కపూటైనా నలుగురితో కలిసి తినండి అని."

"అమ్మ అరిస్తే రావు, ఫోను చెబితే వస్తావన్నమాట. సరే, రేపట్నుంచి అమ్మని ఫోనులో పెట్టేద్దాం."

లూపే కూతురి నెత్తి మీద ఒక్కటి మొట్టి, కొడుకు పళ్ళెంలో కొబ్బరిపాల చామాకు కూర ఇంకో రెండు గరిటెలు వేసింది. వాడు తిన్నాడు. పైకేం అనలేదు గానీ, ఆ పూట ఆవిడకి వేరే ఏమీ తినాలనిపించలేదు. కడుపు నిండిపోయింది.

తనియేలుది ఇరవై దగ్గర పడుతున్న వయసు. ఏసీలు బాగుచేసే పని నేర్చుకుంటూ కాలేజీకి వెళ్ళేవాడు, చర్చిలో గిటారు వాయించేవాడు. తండ్రి గుండెపోటుతో పోయిన మరుసటేడు ఒకటొకటిగా అన్నీ మానేశాడు. ఫ్యాను తిరుగుతుంటే అందులో తన పేరు వినిపిస్తోందన్నాడు. రైల్లో జనం ఎక్కేముందు తన మొహం చూసి ఎక్కుతున్నారన్నాడు. చర్చిలో ఆడవాళ్ళు వాడికి గాలి సోకిందన్నారు, తాము వలస వచ్చిన సమోవా దీవికి తీసుకెళ్ళి ఆకుపసరు పోయించమన్నారు. లూపే అదీ కాదనలేదు గానీ, ముందు తాముండే వెరిబీ ఊళ్ళోనే కుర్రాళ్ళకని ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు మెల్లగా చెప్పింది: "మతి చెదిరే జబ్బు ఇంకా రాలేదమ్మా. వచ్చే ప్రమాదం ఉంది. జాగ్రత్తగా ఉంటే రాకుండానే పోవచ్చు."

రాకుండానే పోవచ్చు. ఆ మాట పట్టుకుని లూపే బతుకుతోంది.

డాక్టరుతో కూర్చుని మాట్లాడాలంటే నెలల తరబడి ఆగాలన్నారు. ఈలోపు ఈ యాప్‌లో చేర్చారు. వాడిలాంటి పిల్లలే ఒక నలభై మంది ఉంటారు అందులో. రోజూ పొద్దున్నే ఒక మంచిమాట వస్తుంది. వేళకి పడుకోండి, గంజాయి జోలికి పోకండి, కాసేపు నడవండి, ఇలాంటివి. చేసినవాళ్ళు కింద "చేశాను" అని రాస్తారు. ఆ మాటలు రాసే అమ్మాయి పేరు బ్రియొనీ. కుటుంబాలని పిలిచిన రోజు లూపే ఆ పిల్లని చూసింది. జుట్టుకి ఆకుపచ్చ రంగు, ముక్కుకి రింగు. పద్దెనిమిదేళ్ళప్పుడు తనకీ ఇదే జబ్బు వచ్చిందనీ, ఆరు నెలలు ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాననీ అందరి ముందూ చెప్పింది. అంత ధైర్యం ఉన్న పిల్ల మీద లూపేకి అప్పటికప్పుడు ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంటివాళ్ళకేదైనా సందేహం వస్తే చెయ్యమని బ్రియొనీ ఒక నంబరిచ్చింది.

ఆదివారం భోజనం అయిన మర్నాడే లూపే ఆ నంబరుకి ఫోను చేసింది.

"అమ్మాయ్, నిన్న నువ్వు రాసిన మాటకి మావాడు బల్ల దగ్గరికొచ్చి తిన్నాడు. నీ కడుపు చల్లగా ఉండాలి."

"అయ్యో, ఎంత మంచిమాట చెప్పారాంటీ," అంది బ్రియొనీ. "మేం రాసింది ఎవరైనా చదువుతున్నారో లేదో కూడా మాకు తెలీదు."

"చదవడం ఏమిటి, దేవుడి మాటలా పాటిస్తున్నాడు. చూడూ, వాడు తెల్లారేదాకా మేలుకుని పగలంతా పడుకుంటున్నాడు. దాని గురించి కూడా ఒక ముక్క రాయకూడదూ?"

"ఒక్కరి గురించి రాయకూడదు ఆంటీ. అందరికీ రాసేదే రాయాలి."

"అందరికీ రాయి. నిద్ర అందరికీ కావాలిగా."

మర్నాడు పొద్దున్న నిద్ర గురించి వచ్చింది. ఆ వారంలోనే తనియేలు వేళకి లేవడం మొదలెట్టాడు.

ఇందులో మోసం ఉందని లూపేకి తోచలేదు, ఎందుకు తోచలేదో కూడా చెప్పాలి. ఆవిడ తండ్రి సమోవాలో తమ ఊరి పెద్ద తరఫున మాట్లాడే మనిషి. ఆ పెద్ద తాను నోరు విప్పడు. ఆయన మనసులో ఉన్నది ఈయన కర్ర పట్టుకుని నిలబడి సభకి చెబుతాడు. ఇంట్లోనూ అదే వరస. తండ్రికి కోపమొస్తే అత్తతో చెప్పిస్తాడు, తల్లికి కోరికుంటే పాస్టరుగారి భార్యతో చెప్పిస్తుంది. ఎదిగిన కొడుక్కి తల్లి ఎదుటపడి చెప్పకూడనిది ఇంకొకరి నోట చెప్పించడం వాళ్ళకి మర్యాద. తగిన నోరు దొరికిందని లూపే సంతోషించింది, అంతే.

అంతటితో ఆగినా బాగుండేది. ఆగుతుందా? దాహంగా ఉన్న మనిషికి కుళాయి చూపించి ఒక్క గుక్కే తాగమంటే ఎవరు వింటారు? గడ్డం గీసుకోవడం గురించి రాయించింది. కిటికీలు తెరవడం గురించి రాయించింది. దుప్పట్లు ఉతుక్కోవడం, పిన్నీ బాబాయిల పిల్లలకి ఫోను చెయ్యడం, అన్నీ అయ్యాయి. ఒకరోజు ఏకంగా "మీ గదిలో మూలన దుమ్ము పట్టిన వాయిద్యమేదైనా ఉంటే ఇవాళ ఒక్కసారి ముట్టుకోండి" అని వచ్చింది. ఆ సాయంత్రం గదిలోంచి గిటారు వినిపిస్తే లూపే వంటింట్లో గోడకి ఆనుకుని ఏడ్చింది.

బ్రియొనీకీ సంతోషంగానే ఉంది. ఆమె పైవాళ్ళు చూసేది ఒక్కటే, పిల్లలు యాప్ తెరుస్తున్నారా లేదా అని. తనియేలు రోజూ అందరికంటే ముందు తెరుస్తాడు, అందరికంటే ముందు "చేశాను" అని రాస్తాడు. క్లినిక్‌లో నర్సు లూపే భుజం తట్టి, "మీవాడు మా అందరికీ ఆదర్శం" అంది. లూపే ఆ మాట చర్చిలో పది మందికి చెప్పుకుంది. ఆకుపసరు అన్న ఆడవాళ్ళకి మరీ వినబడేలా చెప్పింది.

ఒక్క ఫియాకే ఇది నచ్చలేదు.

"అమ్మా, అన్నయ్య పొద్దున్నే లేచి స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఫోను పట్టుకుని నిలబడుతున్నాడే. మాట వచ్చేదాకా కూర్చోడు."

"మంచిదేగా. క్రమశిక్షణ."

"అది తనకే రాస్తున్నారంటున్నాడు. మిగతా ముప్పైతొమ్మిది మందీ ఉత్తుత్తి పేర్లట."

"నీకేం పనిలేదా? వాణ్ణి గుచ్చి గుచ్చి అడక్కు," అని కూతుర్ని కసిరింది. కసిరిందే గానీ, ఆ మాట మనసులో ఎక్కడో గుచ్చుకుంది. పీకి పారేసింది. బాగుపడుతున్న కొడుకుని చూస్తూ కీడెంచే తల్లి ఎవరుంటారు?

తర్వాత టిన్నుల గొడవ వచ్చింది. టిన్ను మాంసం లేకుండా వాళ్ళింట్లో వారం గడవదు. ఒకరోజు లూపే టిన్ను తెరుస్తుంటే తనియేలు వంటింటి గుమ్మంలో నిలబడి, చెవిలో చెప్పినట్టు అన్నాడు: "అమ్మా, నువ్వు తెరిచిన టిన్ను నేను తినలేను. కోపం తెచ్చుకోకు. నువ్వు కలపవని నాకు తెలుసు. కానీ నీ చేతులు నీకు తెలీకుండా కలుపుతున్నాయేమో అనిపిస్తోంది. ఎవరికీ చెప్పకు. ఫియాకి కూడా."

అంత భయంలోనూ వాడు చెప్పుకున్నది తల్లికే. ఆ సంగతి లూపేకి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం వాడు గదిలోకి వెళ్ళగానే పెరట్లోకి పరిగెత్తి బ్రియొనీకి ఫోను చేసింది.

"ఇది నర్సుకి చెప్పాలాంటీ," అంది బ్రియొనీ. "ఇది వేరే. ఇది మంచిది కాదు."

"చెబుతా. మంగళవారం వెళ్ళాలిగా, అప్పుడు చెబుతా. ఈలోపు వాడు తిండి మానేస్తాడు. నీ మాటంటే వాడికి గురి. నా చేతి తిండి మంచిదేనని ఒక్క ముక్క రాయి తల్లీ. నీకు దణ్ణం పెడతా."

"అలా ఎలా రాస్తానాంటీ? అది అందరికీ వెళ్ళేది."

"నీకూ ఒక అమ్మ ఉందిగా. ఆవిడ నీకోసం ఎవరి కాళ్ళు పట్టుకుందో నీకు తెలుసా?"

ఆ మాట అనకూడదు. అంది. ఇది బయటపడితే తన ఉద్యోగం పోతుందని మాత్రం అని, బ్రియొనీ ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న వచ్చిన మాట ఇది: "డబ్బా తిండి మంచిదే. మూత తెరిచే చేతులు మీ మేలు కోరే చేతులే. భయపడకుండా తినండి."

తనియేలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఫోను బల్ల మీద పెట్టి, తెర తల్లి వైపు తిప్పాడు.

"అమ్మా, నేనిది నీ ఒక్కదానికే చెప్పాను. నువ్వు వాళ్ళకి చెప్పావా?"

అరవలేదు. చాలా మెల్లగా అడిగాడు. చెప్పానని అంటే వాడు కోప్పడి ఊరుకుంటాడేమో అన్నట్టుంది గొంతు. ఇంకా చెప్పాలంటే, చెప్పానని అనమని బతిమాలుతున్నట్టుంది. లూపేకి అది వినబడలేదు. ఆవిడకి వినబడినవి వేరే. అనుమానాలకి ఆజ్యం పొయ్యకండి, నిన్నెవరూ గమనించడం లేదని నెమ్మదిగా చెప్పండి అని క్లినిక్‌లో నేర్పారు, అది వినబడింది. ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుందాంటీ అని బ్రియొనీ అన్నది వినబడింది. అన్నిటికంటే పెద్దగా, చెప్పానంటే వీడు ఇంక జన్మలో నాకు నోరు విప్పి ఏదీ చెప్పడు అన్న భయం వినబడింది.

"లేదు నాన్నా," అంది. "నేనెందుకు చెబుతాను? వాళ్ళు అందరికీ రాసేదే రాశారు. నీ గురించి ఎవరూ మాట్లాడుకోవడం లేదు."

తనియేలు ముందుగదిలోకి వెళ్ళి అల్మరా మీది బైబిలు తెచ్చాడు. తల్లి ముందు పెట్టాడు.

"దీని మీద చెయ్యి వేసి చెప్పు."

ఆ ఇంట్లో బైబిలు మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పినవాళ్ళు లేరు. లూపే చెయ్యి వేసింది. "నేను చెప్పలేదు," అంది.

తనియేలు చాలాసేపు ఆ చెయ్యి వంక చూశాడు. "అయితే సరే," అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడంటే, లూపే గండం గడిచిందనుకుంది. పిచ్చి తల్లి. వాడికి ఆ క్షణంలో దొరికింది నెమ్మది కాదు, రుజువు. అమ్మ చెప్పలేదు. అమ్మ బైబిలు మీద అబద్ధం చెప్పదు. చెప్పకుండానే అవతలివాళ్ళకి తెలిసిందంటే ఇల్లే వింటోందన్నమాట. అన్నాళ్ళూ అవునో కాదో అని ఊగిసలాడినవాడు ఆ రోజుతో నిశ్చయానికొచ్చాడు.

లూపే బ్రియొనీకి ఫోను చేసి ఇంకేం రాయొద్దంది. మంగళవారం క్లినిక్‌లో టిన్నుల సంగతి నర్సుకి చెప్పింది, ఎవరు రాయించారన్నది మింగేసింది. మందు మొదలెట్టాలేమో డాక్టరుతో మాట్లాడతామన్నారు. కబురు చేస్తామన్నారు.

ఆ కబురు వచ్చేలోపు వాడు పైకప్పుకున్న పొగ అలారంలోంచి వింటున్నారని దాన్ని విప్పి పెరట్లో పాతిపెట్టాడు. మాట్లాడాలంటే కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో మాట్లాడేవాడు. తర్వాత అదీ మానేసి అరచేతి మీద రాసి చూపించి తుడిచేసేవాడు. ఫియా స్నేహితురాలి ఇంటికి వెళ్ళి పడుకుంటానంది. లూపే పనికి సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చుంది. కూర్చుని ఏం చేసింది? ఏమీ లేదు. ఎదురుగా కొడుకు మునిగిపోతుంటే ఒడ్డున కూర్చున్నట్టుంది ఆవిడకి. పట్టుకుందామంటే వాడు ఆ చెయ్యి కూడా నమ్మడు.

యాప్ మాత్రం ఆగలేదు. లూపే రాయించకపోయినా బ్రియొనీ పని బ్రియొనీదేగా. ఒకరోజు అందరికీ రాసినట్టే రాసింది: "ఇవాళ నీళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళండి. మనసులో బరువంతా అక్కడ వదిలేసి తేలిగ్గా తిరిగి రండి." ఎంత మంచిమాట. ముప్పైతొమ్మిది మందికి మంచిమాటే. తనియేలు వెరిబీ నది దగ్గరికి నడిచి వెళ్ళాడు. బరువు వదలమన్నారని ముందు ఫోను గట్టు మీద పెట్టాడు, తర్వాత బూట్లు, తర్వాత చొక్కా. అయినా బరువు తగ్గలేదని నీళ్ళలోకి నడిచాడు. చేపలు పట్టుకుంటున్న ఇద్దరు ముసలాళ్ళు చూసి దూకి లాక్కొచ్చారు. లూపే వెళ్ళేసరికి వాడు అంబులెన్సులో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. "చేశాను, చేశాను," అంటున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు కెర్ అనే పెద్దావిడ లూపేని గదిలో కూర్చోబెట్టుకుంది. తెల్లజుట్టు, అలసిన కళ్ళు.

"మీ అబ్బాయికి ఇంక వచ్చే ప్రమాదం ఉందని అనలేమమ్మా. జబ్బు వచ్చేసింది. మందులు ఇస్తున్నాం. మీ ఇంట్లో విషయాలు ఆ యాప్‌కి తెలుస్తున్నాయని, తనకోసమే రాస్తున్నారని చాలా గట్టిగా నమ్ముతున్నాడు."

"అది నిజమేనండీ," అంది లూపే.

డాక్టరు తలెత్తింది.

"నేనే రాయించాను. నిద్ర, గడ్డం, గిటారు, టిన్నులు, అన్నీ నేనే. వాడు అడిగితే బైబిలు మీద ఒట్టేసి అబద్ధం చెప్పాను."

డాక్టరు ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకుంది. తిట్టినా బాగుండేదనుకుంది లూపే. తిట్లు తినడానికే వచ్చింది ఆవిడ.

"చెప్పి మంచి పని చేశారు," అంది డాక్టరు చివరికి. "యాప్ వాళ్ళతో మేం మాట్లాడతాం. కానీ గోడలు వింటున్నాయనుకోవడం, టిన్నులు, ఫ్యానులో పేరు, ఇవి మీరు పుట్టించినవి కావు. మీరేం చెయ్యకపోయినా వచ్చేదేమో. రాకపోయేదేమో. అది ఎవరూ చెప్పలేరు."

"రాకుండానే పోవచ్చన్నారండీ మాకు."

"అవును. పోవచ్చు కూడా," అంది డాక్టరు, కళ్ళు దించుకుని.

బ్రియొనీని ఆ పనిలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. లూపే ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ పిల్ల మళ్ళీ జబ్బున పడకుండా ఉంటే చాలని లూపే చర్చిలో ప్రార్థన చేసింది. కొడుకు కోసం ప్రార్థించబోతే మాత్రం నోరు పెగల్లేదు.

మందులు మొదలెట్టిన మూడోవారంలో వాడు కాస్త కుదురుగా ఉన్నాడని లూపేని లోపలికి పంపారు. ఆస్పత్రి తోటలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మందులకి ఒళ్ళు వచ్చింది, చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. తల్లిని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. లూపే తెచ్చిన కోకో ఫ్లాస్కు తియ్యలేదు. ముందు చెప్పెయ్యాలనుకుంది. నిజం తెలిస్తే ఆ కట్టుకున్న గోడంతా కూలుతుందని, వాడు తిడతాడు గానీ తిరిగొస్తాడని ఆశ.

"తనీ, నేను చెప్పేది విను. ఇల్లు వినలేదు. ఎవరూ వినలేదు. నేనే బ్రియొనీకి ఫోను చేసి నీ సంగతులు చెప్పి రాయించాను. ఆ రోజు భయపడి అబద్ధమాడాను. తప్పంతా నాది నాన్నా. నన్ను కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి. కానీ ఇది నమ్ము."

తనియేలు శ్రద్ధగా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. తల్లి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు. ఎన్ని నెలల తర్వాతో ముట్టుకున్నాడు.

"నీతో ఇలా చెప్పిస్తారని నాకు తెలుసమ్మా," అన్నాడు.

"ఎవరూ చెప్పించలేదురా. నేనే చెబుతున్నాను."

"నువ్వు బైబిలు మీద చెయ్యి వేసి చెప్పకుండా ఉండాల్సింది. వేశావు కాబట్టి నాకు తెలుసు, నువ్వు చెప్పలేదని. నువ్వు అలాంటిదానివి కాదు. నా కోసం వాళ్ళు చెప్పమన్నది చెబుతున్నావు. నీ మీద నాకు కోపం లేదు."

"ఇప్పుడూ వేస్తాను. లోపల నర్సుల దగ్గర ఉంటుంది, ఇప్పుడే తెస్తాను."

తనియేలు జాలిగా నవ్వాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "వాళ్ళ బైబిలా అమ్మా?"

వాడు ఆవిడ చెయ్యి నిమిరి, నెమ్మదిగా ఆవిడ ఒళ్ళో పెట్టేశాడు.

"ఇంక రాకమ్మా. నువ్వు వస్తే నీతో ఇంకా ఇంకా చెప్పిస్తారు. ఫియాని చూసుకో. నేను ఎవరికీ ఏమీ చెప్పనులే, నీకేం భయం లేదు."

అని లేచి, తల్లికి చలేస్తుందని శాలువా భుజాల మీద సరిగ్గా కప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.